యవల జబ్బు

గుర్రం బరువంతా డెక్క అడుగుభాగం మీద ఆనుతుందని చూసేవారికి తోస్తుంది గాని, నిజానికి ఆ బరువులో చాలా భాగం డెక్క లోపలి గోడను పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. మనిషి వేలి కొసన ఉండే ఎముకకు సాటివచ్చే ఎముక ఒకటి గుర్రం కాలి చివర, డెక్క లోపల ఉంటుంది. ఆ ఎముకను కప్పిన కండ నుంచి బయటి వైపుకు, డెక్క పెంకు నుంచి లోపలి వైపుకు నిలువుగా సాగిన పలుచని రేకులు వెలువడి, రెండు పుస్తకాల పుటలను ఒకదానిలో ఒకటి ఇరికించినట్టు పెనవేసుకుంటాయి. ఇలాంటి పెద్ద రేకులు ఒక్కో డెక్కలో 550 నుంచి 600 వరకు, ఒక్కో పెద్ద రేకు పక్కల నుంచి పుట్టే సన్నరేకులు 150 నుంచి 200 వరకు ఉంటాయి. ఈ రేకులకు లాటిన్‌లో లామినా అని పేరు. అవి దెబ్బతిని పట్టు సడలడమే లామినైటిస్. కండరాన్ని ఎముకతో కలిపే తాడు లాంటి భాగాన్ని స్నాయువు అంటారు. కాలి వెనక నుంచి దిగివచ్చిన బలమైన స్నాయువు ఒకటి డెక్క ఎముకను ఎప్పుడూ వెనక్కి లాగుతూ ఉంటుంది కనుక, ముందువైపు రేకులు పట్టు వదిలినప్పుడు ఎముక మొన కిందికి తిరుగుతుంది. చుట్టూ ఉన్న రేకులన్నీ ఒకేసారి వదిలితే ఎముక మొత్తంగా దిగబడుతుంది. జబ్బు ముదిరితే ఆ మొన డెక్క అడుగును చీల్చుకుని బయటికి కూడా వస్తుంది.

ఇదంతా జరిగేది కొమ్ములాంటి గట్టి పెంకు లోపల, కంటికి ఆనని చోట. అందువల్ల ఈ జబ్బును గుర్తుపట్టే విద్య మొదటి నుంచీ బయటి గుర్తులను చదవడం మీదే ఆధారపడింది: గుర్రం ఎలా నిలబడుతోంది, ఎలా మలుపు తిరుగుతోంది, ముందురోజు ఏం తిన్నది అన్నవే ఆ గుర్తులు. ఆ చూపు చాలా త్వరగా కుదురుకుంది, దానికి చెప్పిన కారణాలు మాత్రం యుగానికొక తీరుగా మారాయి. కారణం పేరుతో చూపును పక్కన పెట్టిన కాలాల్లో వైద్యం దారి తప్పిందనే చెప్పాలి.

గ్రీకు రచయిత జెనొఫోన్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో గుర్రపు స్వారీ మీద రాసిన చిన్న గ్రంథం గుర్రాన్ని కొనేవాడు మొట్టమొదట పాదాలనే చూడాలని చెబుతుంది. పునాది బాగాలేని ఇల్లు పనికిరానట్టే పాదాలు బాగాలేని గుర్రం పనికిరాదని ఆయన వాదం. లోపల బోలుగా ఉన్న మంచి డెక్క నేలను తాకినప్పుడు తాళంలా మోగుతుందని కూడా ఆయన గమనించాడు. అదే గ్రంథంలో, గుర్రం దాణా ముట్టకపోతే యజమాని వెంటనే తెలుసుకోవాలని, రక్తం ఎక్కువ కావడమో, అలసటో, యవల జబ్బో మొదలవుతూ ఉండవచ్చని హెచ్చరిక ఉంది. గ్రీకులో యవలను క్రితే అంటారు, ఆ జబ్బుకు క్రితియాసిస్ అని పేరు. ఇంచుమించు అదే కాలంలో అరిస్టాటిల్ జంతువుల మీద రాసిన పెద్ద గ్రంథంలో ఒక వింత విభజన చేశాడు: బయళ్లలో మేసే గుర్రాలకు పాదాల జబ్బు ఒక్కటి తప్ప మరేదీ రాదని, కొట్టంలో కట్టి మేపే గుర్రాలకు మాత్రం రకరకాల జబ్బులు వస్తాయని అన్నాడు. ఆ పాదాల జబ్బుకు ఆయన వాడిన మాట పొడగ్రా, అంటే పాదాన్ని పట్టే ఉచ్చు; అది వచ్చిన గుర్రాల డెక్కలు కొన్నిసార్లు ఊడిపోయి మళ్లీ మొలుస్తాయని, కుడి వృషణం అదరడం, ముక్కుపుటాల కింద గుంటపడి ముడుతలు రావడం దాని గుర్తులని చెప్పాడు. యవల జబ్బును వేరే చెప్పి, అంగుడి మెత్తబడటం, ఊపిరి వేడెక్కడం దాని లక్షణాలన్నాడు.

ఈ వాక్యాలను చదివి ప్రాచీన గ్రీకులకు లామినైటిస్ తెలుసునని ఒక్క మాటలో తేల్చేయడం చాలామంది చేసే పని, అయితే అది కొంత తొందరపాటు. అరిస్టాటిల్ చెప్పిన యవల జబ్బులో కాళ్ల ప్రస్తావన లేదు, డెక్కలు ఊడిపోయే జబ్బులో యవల ప్రస్తావన లేదు. నేటి వైద్యులకు ఒకే జబ్బుగా కనిపించేది ఆయన దగ్గర రెండు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలు అతుక్కున్నది తరువాతి శతాబ్దాల్లో, సైన్యంలో పనిచేసిన గుర్రపు వైద్యుల చేతుల మీదుగా. అప్సిర్టస్ అనే గ్రీకు సైనిక వైద్యుడు, అతని తోవలో లాటిన్‌లో రాసిన వెజీషియస్, పరుగెత్తి వగరుస్తున్న గుర్రానికి, ఊపిరి కుదుటపడకముందే యవలు పెడితే ఒళ్లు బిగుసుకుని అడుగు వేయలేని స్థితి వస్తుందని రాశారు. వెజీషియస్ దానికి వాడిన మాట హోర్దియాసియో, అది కూడా యవల పేరు మీద పుట్టినదే. తిండి, శ్రమ, బిగుసుకున్న నడక, ఈ మూడూ ఒకచోట చేరిన తరువాత జబ్బు రూపం స్పష్టమైంది, గ్రీకు వైద్యుల రచనలన్నీ బైజాంటియంలో ఒక సంకలనంగా మారి, ఆ జ్ఞానం మధ్యయుగాలకు అందింది.

యూరప్ భాషలు ఈ జబ్బుకు పెట్టుకున్న పేర్లను పక్కపక్కన పెడితే, ఒక్కో జాతి దానిలో దేన్ని ముందు చూసిందో తెలుస్తుంది. గ్రీకు, లాటిన్ పేర్లు దాణా తొట్టి నుంచి వచ్చాయి. ఫ్రెంచివారు దానిని ఫూర్బ్యూర్ అన్నారు. అతిగా తాగడం అనే అర్థమున్న పాత క్రియ నుంచి పుట్టిన ఆ మాట వెనక, చెమటలు కక్కుతున్న గుర్రానికి చన్నీళ్లు పెడితే ఈ జబ్బు వస్తుందన్న నమ్మకం ఉంది. జర్మన్ రేహే అనే మాటలో బిగుసుకుపోవడమనే అర్థం ఉంది, అది నడకను చూసి పెట్టిన పేరు. ఇంగ్లీషు ఫౌండర్, అడుగుకు దిగిపోవడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. ఓడ మునగడానికీ, గుర్రం కుప్పకూలడానికీ ఇంగ్లీషువారు ఆ ఒక్క మాటే వాడారు. డెక్కలో ఎముక దిగబడుతుందని తెలియని రోజుల్లో పెట్టిన పేరు, ఆ సంగతి తెలిసిన తరువాత మరింత సరిగ్గా అతకడం భాషలో అరుదుగా జరిగే చోద్యం.

13వ శతాబ్దం నడుమ, చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ కొలువులో గుర్రాల బాధ్యత చూసిన జోర్డానుస్ రుఫుస్ రాసిన గ్రంథం ఈ జబ్బును ఇన్‌ఫూసియో అన్నది, అంటే లోపలికి ఒలకడం. అతిగా తిన్నందువల్లనో, అతిగా పరుగెత్తినందువల్లనో శరీరంలోని ద్రవాలు కరిగి కాళ్లలోకి, డెక్కల్లోకి దిగుతాయన్నది ఆ మాట వెనక ఉన్న సిద్ధాంతం. శరీరాన్ని నాలుగు ద్రవాల కూర్పుగా చూసిన ఆ కాలానికి ఇది సహజమైన వివరణ, దాని నుంచి వచ్చిన వైద్యం కూడా అంతే సహజంగా రక్తం తీయడం. దానికి తోడు గుర్రాన్ని చల్లని పారే నీటిలో నిలబెట్టమన్న సలహా పాత పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది; ఈ రెండవది ఎంత మంచి సలహానో ప్రపంచానికి తెలియడానికి దాదాపు 750 ఏళ్లు పట్టింది. లాడాలు కొట్టే ఫ్రెంచి పనివారు మాత్రం సిద్ధాంతాల జోలికి పోకుండా డెక్కను తిరగేసి చూశారు. డెక్క అడుగున, ముందువైపు, వంకీ తిరిగిన ఒక ఉబ్బు కొన్ని గుర్రాల్లో కనిపించేది. దానికి వారు నెలవంక అని పేరు పెట్టారు. ఆ ఉబ్బు కిందికి తోసుకువచ్చిన డెక్క ఎముక అంచేనని తరువాతి శరీర నిర్మాణ శాస్త్రం తేల్చింది.

భారతదేశంలో గుర్రపు వైద్యానికి మూలపురుషుడిగా పేరుపొందిన శాలిహోత్రుని పేరే ఒక వృత్తి పేరుగా మారింది. ఉత్తర భారతంలోనూ దక్కన్‌లోనూ గుర్రపు వైద్యుణ్ణి సాలోత్రి అనేవారు, బ్రిటిష్ అశ్వికదళాలు కూడా తమ దేశీయ పశువైద్య సహాయకులను ఆ మాటతోనే పిలిచాయి. శాలిహోత్రుని పేరిట ఉన్న గ్రంథం పారశీకంలోకి పలుమార్లు వెళ్లి, ఆ పారశీకం నుంచి జోసెఫ్ ఎర్ల్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1788లో కలకత్తాలో అచ్చయింది. జయదత్తుని అశ్వవైద్యకం, నకులుని పేరిట ఉన్న అశ్వశాస్త్రం, తెలుగులో మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం ఈ సంప్రదాయానివే. ఈ గ్రంథాల్లో వైద్యం ఉన్నా, లక్షణం అనే మాట ఎక్కువగా వాడింది జబ్బు గుర్తులకు కాదు, శుభాశుభాల గుర్తులకు. మెడ మీద, నుదుటి మీద ఉండే సుడి ఎటు తిరిగింది, అది యజమానికి మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్న విచారణకు వాటిలో పెద్దపీట వేశారు. గుర్రాన్ని కొనేవాడు ముందు పాదాలు చూడాలన్న జెనొఫోన్‌కూ, ముందు సుడి చూడాలన్న మన కొనుగోలుదారుకూ ఉన్న ఎడం చిన్నది కాదు.

కాకతీయుల కాలంలో అశ్వదళాల పర్యవేక్షణకు సాహిణి అనే హోదా ఉండేది, గణపతిదేవుని కొలువులోని గంగయ సాహిణి పేరులో అది నేటికీ నిలిచి ఉంది. ఆ హోదా గుర్రం విలువను చెబుతుంది, ఆ విలువ వెనక కష్టం ఏమిటో 13వ శతాబ్దం చివరలో తూర్పు తీరానికి వచ్చిన మార్కోపోలో వర్ణన చెబుతుంది. హొర్ముజ్, ఏడెన్ వంటి రేవుల నుంచి తమిళ దేశపు పాండ్య రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవని, గుర్రాలకు మందు వేయడం తెలిసినవారు అక్కడ లేరని, అలాంటి వారిని వ్యాపారులు తమ బేరం పోతుందని రానివ్వరని ఆయన రాశాడు. ఉడికించిన అన్నం, మాంసం వాటి ఆహారమని కూడా అన్నాడు. ఆ తరువాత కొద్దికాలానికే రాసిన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, పచ్చి యవలకు బదులు వేయించిన యవలు, నేతిలో కలిపిన గింజలు పెట్టి, కాచిన ఆవుపాలు తాగిస్తారని చెప్పాడు. విజయనగర కాలానికి వచ్చేసరికి, అక్కడికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు ఏటా 13,000 గుర్రాలు కొన్నట్టు లెక్క చెబుతాడు.

ఈ లెక్కలను ఉన్నవి ఉన్నట్టు నమ్మనక్కర లేదు, ఆ చావులన్నింటినీ ఒక్క జబ్బు ఖాతాలో వేయడం అంతకన్నా తప్పు. ఎండ, ఈగల వల్ల వచ్చే జ్వరాలు, గడ్డి మార్పు ఇవన్నీ అందులో ఉంటాయి. అయినా, వారాల తరబడి ఓడలో కదలకుండా నిలబడిన గుర్రాన్ని దింపిన వెంటనే పిండిపదార్థం నిండిన తిండితో మేపడం, నేటి పశువైద్యుడు ఈ జబ్బుకు ఇంతకంటే అనువైన పరిస్థితి ఊహించలేడనే తీరులో ఉంది. దీనికి భిన్నంగా తెలుగు ప్రాంతాల్లో సామాన్యుడి గుర్రానికి, తరువాత జట్కా గుర్రానికి, దక్కిన దాణా ఉలవల గుగ్గిళ్లు. యవల కన్నా, బియ్యం కన్నా ఉలవల్లో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. వాటిని పేదవాడి సరుకుగా చూసిన లోకం ఆ సంగతి గమనించలేదు.

లియోన్‌లో 1762లో, లండన్‌లో 1791లో పశువైద్య కళాశాలలు మొదలైన తరువాత గుర్రపు కాలును కోసి చూడటం ఒక పాఠమైంది. అప్పటికి ఇంగ్లండులో రొమ్ము జబ్బు అనే ఒక దురభిప్రాయం బలంగా ఉండేది. ముందరి పాదాలు నొప్పిపెట్టే గుర్రం బరువు మోపక, అడుగు చిన్నగా వేసినందువల్ల భుజాల, రొమ్ము కండలు క్రమంగా చిక్కిపోయేవి, ఆ చిక్కిన కండలను చూసి జబ్బు రొమ్ములోనే ఉందని నమ్మి అక్కడే మందులు రాసేవారు. ఆ నొప్పి పాదాల్లో ఉందని, రొమ్ము చిక్కడం దాని ఫలితమని స్థిరపడటానికి శవపరీక్షలు కావలసి వచ్చాయి. లామినైటిస్ అనే పేరు 19వ శతాబ్దపు గ్రంథాల్లో ఈ శరీర నిర్మాణ జ్ఞానంతో పాటే స్థిరపడింది, దానితో జబ్బు చిరునామా దాణా తొట్టి నుంచి డెక్క లోపలికి మారిపోయింది.

అదే కాలంలో గుర్రాల సంతల్లో మరొక చదువు నడిచింది. డెక్క పెంకు పై అంచు నుంచి కిందికి నెలకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, ముందువైపు కొస దాకా పూర్తిగా కొత్త పెంకు రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. ఆ లెక్కన డెక్క మీద ఒక ఏడాది జీవితం గీతలు గీతలుగా ఉంటుంది. మామూలు గుర్రానికి కూడా మేత మారినప్పుడు సన్నని వలయాలు పడతాయి, అవి డెక్క చుట్టూ సమాన దూరంలో సాగుతాయి. లామినైటిస్ వచ్చిన గుర్రం డెక్కను పక్క నుంచి చూస్తే ఆ వలయాలు ముందువైపు దగ్గర దగ్గరగా నలిగి, మడమ వైపు విసనకర్రలా విచ్చుకుంటాయి, ఎందుకంటే ముందువైపు దెబ్బతిన్న పెంకు మెల్లగా, వెనకది మామూలు వేగంతో పెరుగుతుంది. లాడం తీసి అడుగు చూస్తే, పెంకుకూ అరికాలుకూ మధ్య ఉండే తెల్లని గీత ముందువైపు వెడల్పై, అక్కడక్కడ పాత రక్తపు మరకలతో పసుపు గోధుమ రంగులో కనిపిస్తుంది. మాయ తెలిసిన వ్యాపారి ఆకురాయితో వలయాలు నునుపుగా రాకి నూనె పూసేవాడు. అందుకే అనుభవమున్న కొనుగోలుదారు మరీ నునుపైన డెక్కను చూసి సంతోషించేవాడు కాదు, గుర్రాన్ని రాతి నేల మీద చిన్న వలయంలో తిప్పమనేవాడు. తిరిగేటప్పుడు లోపలి కాలి మీద బరువు పడుతుంది, నొప్పి ఉన్న గుర్రం ఆ మలుపును తప్పించుకోవడానికి వెనక కాళ్ల మీద బరువు వేసి, ముందరి కాళ్లను ఒక్కసారిగా ఎత్తి పక్కకు విసిరినట్టు తిరుగుతుంది. ఏ ఆకురాయీ దీన్ని దాచలేదు.

రాంట్జెన్ 1895లో కనిపెట్టిన ఎక్స్‌రే కిరణాలతో మరుసటి ఏడాదికే గుర్రపు పాదాన్ని చిత్రించారు. రక్తమాంసాలను తెరవకుండా డెక్క ఎముక మొనను చూడగలగడం పశువైద్యానికి కొత్త కన్నుగా మారింది. డెక్క ముందుభాగం మీద సన్నని లోహపు తీగ అతికించి పక్క నుంచి ఎక్స్‌రే తీస్తే, పెంకు గీత, ఎముక గీత సమాంతరంగా ఉన్నాయో లేదో కొలవవచ్చు. ఆరోగ్యమైన పెద్ద గుర్రంలో వాటి మధ్య దూరం సుమారు 15 నుంచి 18 మిల్లీమీటర్లు. ఎముక తిరిగిన కోణం ఒక సంఖ్యగా దొరకడంతో వైద్యులకు దాని మీద మోజు పెరిగింది. 1982లో వచ్చిన ఒక అధ్యయనం, 5.5 డిగ్రీల కన్నా తక్కువ తిరిగిన గుర్రాలు మళ్లీ పందేలకో పనికో వెళ్లగలిగాయని, 11.5 డిగ్రీలు దాటినవి పనికిరాకుండా పోయాయని లెక్క తేల్చింది. పదకొండేళ్ల తరువాత, 1993లో, మరొక పరిశీలన ఆ మోజు మీద నీళ్లు చల్లింది: గుర్రం బతికి బాగుపడుతుందా అన్నది ఎముక తిరిగిన కోణం కన్నా, అది ఎంత కుంటుతోందన్న దాన్ని బట్టే బాగా తెలుస్తోందని అందులో తేలింది. కొలబద్దకూ కంటికీ జరిగిన ఈ పోటీలో కన్ను గెలవడానికి కారణం, ఆ కంటికి అప్పటికే ఒక క్రమశిక్షణ ఏర్పడి ఉండటం.

ఆ క్రమశిక్షణ స్వీడన్ పశువైద్యుడు నీల్స్ ఓబెల్ ఇచ్చినది. 1948లో ఆయన అచ్చువేసిన గ్రంథం ప్రధానంగా సూక్ష్మదర్శినిలో రేకుల నాశనాన్ని పరిశీలించినదే అయినా, ప్రపంచానికి గుర్తుండిపోయింది మాత్రం అందులో కుంటితనాన్ని నాలుగు మెట్లుగా విడదీసిన కొద్ది వాక్యాలే. మొదటి మెట్టులో గుర్రం కుంటదు. నిలబడిన చోటనే కొద్ది సెకన్లకొకసారి ఒక పాదం మార్చి మరొక పాదం ఎత్తుతూ, ఎక్కడా కుదురుగా బరువు మోపకుండా ఉంటుంది, నడక మామూలుగానే కనిపిస్తుంది, దుడికి నడకలో మాత్రం అడుగులు పొట్టిగా, బిర్రుగా పడతాయి. రెండవ మెట్టులో మామూలు నడకలోనే ఆ బిర్రుతనం కనిపిస్తుంది, అయితే గుర్రం నడవనని అనదు, ఒక ముందరి పాదం ఎత్తితే ఎత్తనిస్తుంది. మూడవ మెట్టులో కదలడానికి ఇష్టపడదు, పాదం ఎత్తబోతే గట్టిగా ఎదిరిస్తుంది, ఎందుకంటే ఒకటి ఎత్తితే రెండో పాదం మీద బరువంతా పడుతుంది. నాలుగవ మెట్టులో బలవంతం చేస్తే తప్ప అడుగు కదపదు.

ఈ నాలుగు మెట్లలో పనిముట్టు ఒక్కటీ లేదు. గుర్రపుశాలలో సాయీసు అయినా, ఊరి పశువైద్యుడైనా, గుర్రం పాదాన్ని ఎత్తబోయి అది ఎలా స్పందిస్తుందో చూసి చెప్పగల వర్గీకరణ ఇది. అందుకే 75 ఏళ్లకు పైగా దానిని ఎవరూ పూర్తిగా తోసిపుచ్చలేకపోయారు. ఓబెల్ చేసిన అసలు మేలు, మొదటి మెట్టు ఉందని చెప్పడంలో ఉంది. అంతకు ముందు పుస్తకాలు వర్ణించే గుర్రం ముందరి కాళ్లు చాచి, వెనక కాళ్లను పొట్ట కిందికి తెచ్చుకుని, వెనక్కి వాలి నిలబడ్డ గుర్రం. ఆ బొమ్మ గుర్తుపట్టడానికి శిక్షణ అవసరం లేదు, దాన్ని చూసేసరికి సాధారణంగా ఆలస్యమే అవుతుంది. కుంటకుండా కాళ్లు మార్చుకునే గుర్రాన్ని అనుమానించడం నేర్పినది ఓబెల్.

ఆయన మెట్లలో చేరని మరొక పరీక్ష ఎప్పటి నుంచో పశువైద్యుల వేళ్లలోనే ఉంది. డెక్కకు పైన ఉన్న కీలు వెనక, ఇరుపక్కలా, డెక్కలోకి రక్తం తీసుకుపోయే ధమనులు చర్మానికి దగ్గరగా వెళతాయి. రెండు వేళ్లతో మృదువుగా నొక్కి పట్టుకుంటే ఆరోగ్యమైన గుర్రంలో ఆ నాడి అందీ అందనట్టు ఉంటుంది, కొన్నిసార్లు అసలు దొరకదు. లామినైటిస్ మొదలైన గుర్రంలో అదే నాడి వేలిని తోసినట్టు కొట్టుకుంటుంది. డెక్క మీద అరచేయి పెడితే గంటల తరబడి వేడి తగ్గదు. ఒక్క పాదంలోనే ఇలా ఉంటే డెక్క లోపల చీముగడ్డనో, దిగిన మేకునో అనుమానించాలి, రెండు ముందరి పాదాల్లోనూ ఉంటే ఈ జబ్బునే అనుమానించాలి. కడుపునొప్పితో, కండరాలు బిగుసుకునే జబ్బుతో దీనిని పొరపడటం నేటికీ జరుగుతుంది, చెమట, వగర్పు, కదలకపోవడం మూడింటికీ సామాన్యమే కనుక.

20వ శతాబ్దం రెండవ సగంలో పరిశోధకులు జబ్బును ప్రయోగశాలలో పుట్టించడం నేర్చారు. 1975లో అమెరికాలో గార్నర్ బృందం మొక్కజొన్న పిండిని, కొయ్యపొడిని కలిపి గుర్రాల కడుపులోకి పంపి, లామినైటిస్‌ను తెప్పించే పద్ధతిని ప్రచురించింది. తిండికీ డెక్కకూ సంబంధం ఉందని ప్రాచీనులు చూసినది అలా తూకం లెక్కలతో రుజువైంది. అయితే ఆ తరువాత దృష్టి అంతా డెక్కలోని రక్తనాళాల మీదికి మళ్లింది; అవి ముడుచుకుపోయి రక్తం అందక రేకులు చస్తున్నాయన్న సిద్ధాంతం బలపడటంతో, రక్తనాళాలను వెడల్పు చేసే మందులు విరివిగా వాడారు. నొప్పి తగ్గించే ఫెనైల్‌బ్యూటజోన్ అందరి చేతికీ అందడం గుర్రానికి మేలు చేసినా, పరీక్షించే కంటికి కీడు చేసింది. మందు తిన్న గుర్రం మూడవ మెట్టు నుంచి ఒకటవ మెట్టుకు దిగినట్టు కనిపిస్తుంది, లోపల రేకులు మాత్రం తెగుతూనే ఉంటాయి.

ఈ జబ్బు ముందు డబ్బు, పేరు ఎంత నిస్సహాయమో లోకానికి చూపినవి రెండు పందెపు గుర్రాలు. 1973లో అమెరికా మూడు పెద్ద పందేలనూ గెలిచిన సెక్రటేరియట్‌ను 1989 అక్టోబరు 4న, 19 ఏళ్ల వయసులో, లామినైటిస్ కారణంగానే దయామరణంతో సాగనంపారు. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో రెండు వారాల తరువాత పందెంలో కుడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. విరిగిన ఎముకను పలకలతో, మరలతో బిగించిన శస్త్రచికిత్స ఫలించినా, ఆ కాలి బరువు కూడా మోసిన ఎడమ వెనక పాదానికి లామినైటిస్ సోకి, జులైలో ఆ డెక్క పెంకులో 80 శాతం తొలగించవలసి వచ్చింది. 2007 జనవరి 29న, జబ్బు ముందరి పాదాలకు కూడా పాకడంతో దాని ప్రాణం తీశారు. గింజతో సంబంధం లేకుండా కేవలం ఒంటికాలి మీది బరువు వల్ల కూడా ఇది వస్తుందన్న సంగతి పశువైద్యులకు పాతదే గాని, పత్రికలు చదివే లోకానికి అప్పుడే తెలిసింది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ పొలిట్, ఆయన సహచరులు చేసిన పని ఈ చరిత్రను రెండుసార్లు వెనక్కి తిప్పింది. 2004లో వాన్ ఎప్స్, పొలిట్ ప్రచురించిన ప్రయోగంలో ఆరు గుర్రాలకు జబ్బు తెప్పించి, ఒక్కో గుర్రానికి ఒక్క ముందరి కాలును మాత్రం 48 గంటలు మంచునీటిలో ఉంచారు. మంచులో ఉన్న కాలు చాలావరకు క్షేమంగా బయటపడింది, పక్క కాలు దెబ్బతిన్నది. పారే చల్లని నీటిలో నిలబెట్టమన్న మధ్యయుగపు సలహాకు అప్పుడు అర్థం దొరికింది, అయితే షరతు ఒకటి ఉంది. గింజ అతిగా తిన్న గుర్రంలో కుంటితనం కనిపించడానికి ఒక రోజు నుంచి రెండున్నర రోజుల వరకు పడుతుంది, చల్లదనం బాగా పనిచేసేది ఆ నిశ్శబ్దపు వ్యవధిలోనే. దాణా బస్తా చిరిగి గుర్రం దాన్ని ఖాళీ చేసిందని తెలిసిన క్షణమే అసలైన రోగ నిర్ధారణ క్షణం, కాళ్లు మార్చడం దాకా ఆగితే సగం సమయం గడిచిపోయినట్టే.

రెండవ మలుపు 2007లో వచ్చింది. లావుగా లేని ఆరోగ్యమైన పోనీలకు, అంటే పొట్టి జాతి గుర్రాలకు, రక్తంలో చక్కెర మామూలుగా ఉండేలా చూస్తూ ఇన్సులిన్‌ను మాత్రం ఎక్కువ స్థాయిలో నిలిపినప్పుడు, మూడు రోజుల్లోపే వాటన్నింటికీ లామినైటిస్ వచ్చింది. బయళ్లలో గడ్డి మేసి లావెక్కిన గుర్రాలకు గింజ ముట్టకుండానే ఈ జబ్బు ఎందుకు వస్తుందో దానితో వివరణ దొరికింది. బయళ్ల గుర్రాల పాదాల జబ్బునూ, కొట్టంలో గింజ తిన్న గుర్రాల జబ్బునూ అరిస్టాటిల్ వేరువేరు చోట్ల రాయడం పొరపాటుగా కనిపించిన చదువరికి, ఆ విభజన ఇప్పుడు కాస్త భిన్నంగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. నేడు అనుమానమున్న గుర్రానికి మొక్కజొన్న చక్కెర పాకం నోటి ద్వారా పోసి, గంట, గంటన్నర తరువాత రక్తంలో ఇన్సులిన్ కొలిచే పరీక్ష ఉంది. కుంటకముందే, డెక్క మీద వలయాలు పడకముందే ప్రమాదాన్ని చెప్పగల పరీక్ష ఇది.

ఓబెల్ మెట్లు ఈ కొత్త రకం జబ్బుకు కొంత ముతకగా ఉన్నాయని తేలడంతో, 2019లో పొలిట్ కూడా ఉన్న ఒక బృందం వాటిని సవరించి, కాళ్లు మార్చడం, పాదం ఎత్తనివ్వడం, నడక, వలయంలో తిరగడం వంటి గుర్తులకు విడివిడిగా మార్కులు వేసి మొత్తం 12కు లెక్కించే పద్ధతిని సూచించింది. డెక్క పైన వేళ్లకు తగిలే నాడికి ఆ లెక్కలో చోటు దక్కింది. శతాబ్దాల పాటు అంకె లేకుండా చేతి నుంచి చేతికి వచ్చిన పరీక్షకు అలా ఒక మార్కు వచ్చింది. ఇన్సులిన్ వల్ల వచ్చే జబ్బులో రేకులు వాపు కన్నా ముందు సాగిపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది కనుక, వాపు అనే అర్థమున్న ప్రత్యయంతో 19వ శతాబ్దం అతికించిన లామినైటిస్ అనే పేరు సరైనదేనా అన్న సందేహం ఇప్పుడు పశువైద్యుల్లోనే వినిపిస్తోంది.